పని రావడం వేరు, పనిలో ఆరితేరడం వేరు

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజుల్లో మన ఇళ్లలో తరచుగా ఒక మాట వినవస్తుంది: "వీడికి చదువు అబ్బేలా లేదు, ఏదో ఒక పనిలో పెట్టేద్దాం." చెప్పేవారి ఉద్దేశంలో చెడు లేదు. కుమారుడు వీధుల వెంట తిరగకుండా హలాల్‌గా నాలుగు రాళ్లు సంపాదించుకోవాలన్న ఆరాటమే అందులో ఉన్నది. అయినప్పటికీ ఆ చిన్న మాటలో రెండు అపోహలు దాగి ఉన్నాయి. చేతిపని అనేది చదువు రానివారికి మిగిలిన దారి అన్నది మొదటిది. ఎవరి దగ్గరైనా "పెట్టేస్తే" చాలు, పని దానంతట అదే వచ్చేస్తుందన్నది రెండవది. ఈ రెండింటి మూలంగా మన యువకులు ఎందరో పని నేర్చుకుంటున్నారు గాని, పనిలో ఆరితేరడం లేదు. ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో, దానిని దాటడానికి యువతకు ఏది తోడ్పడుతుందో ఈ నెల పాఠకులతో ముచ్చటించదలచాము.

తేడా ఎక్కడున్నది?

ఇద్దరు మెకానిక్‌లను ఊహించుకోండి. ఇద్దరికీ పదేళ్ల అనుభవం ఉన్నది. బండి స్టార్ట్ కావడం లేదని ఎవరైనా తెస్తే మొదటివాడు ప్లగ్గు మారుస్తాడు. లాభం లేకపోతే కాయిల్ మారుస్తాడు. అప్పటికీ లాభం లేకపోతే బ్యాటరీ మారుస్తాడు. ఎక్కడో ఒకచోట బండి కదులుతుంది. ఖర్చు మాత్రం యజమాని మోస్తాడు. రెండవవాడు ముందుగా నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, ఇంజను చప్పుడు వింటాడు, మల్టీమీటరు పెట్టి కొలుస్తాడు. లోపం ఎక్కడున్నదో తేల్చుకున్న తర్వాతనే పానా చేతబడతాడు. మొదటివానికి పని అలవాటయింది. రెండవవానికి పని అర్థమయింది.

ఈ వ్యత్యాసం ఇరవయ్యేళ్ల వయసులో పెద్దగా కనిపించదు. ఇద్దరి రోజు కూలీ దాదాపు ఒకటే. ముప్ఫయ్యేళ్లు దాటి, భార్యాబిడ్డల బాధ్యత మీద పడిన వేళ అది బయటపడుతుంది. పెట్రోలు బండ్ల పక్కన విద్యుత్ బండ్లు వచ్చి నిలిచాయి. పాత ఏసీల స్థానంలో ఇన్వర్టర్ ఏసీలు వచ్చాయి. చేతి అలవాటు మీద మాత్రమే ఆధారపడినవాడు కొత్త యంత్రం ముందు మళ్లీ మొదటి రోజు షాగిర్దులా నిలబడతాడు. కారణం తెలిసినవాడు కొద్దికాలంలోనే దానినీ వశపరచుకుంటాడు. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త వేర్వేరు రంగాల నిపుణులను దశాబ్దాలపాటు పరిశీలించి చెప్పిన విషయం కూడా ఇదే కోవకు చెందినది. ఒకే పనిని ఏళ్ల తరబడి తిరిగి తిరిగి చేసినంత మాత్రాన నైపుణ్యం పెరగదు. తనలోని ఒక లోపాన్ని గుర్తించి, దానిని సరిదిద్దుకోవడానికే సాధన చేస్తూ, తెలిసినవారి చేత తప్పులు చెప్పించుకుంటూ ఉంటేనే మనిషి ఎదుగుతాడు.

ధర్మం నేర్పిన పనితనం

చేతిపనిని తక్కువచూపు చూసే అలవాటు మనలోకి ఎక్కడి నుండి వచ్చిందో గాని, మన ధర్మం నుండి మాత్రం రాలేదు. హజ్రత్ దావూద్ (అలై) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తన చేశాడని దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతున్నది. కవచాలు తయారు చేయమని ఆజ్ఞాపించిన చోటనే వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని కూడా అల్లాహ్ ఆదేశించాడు. ఒక ప్రవక్తకు చేతిపని ప్రసాదించినప్పుడు దానితోపాటు కొలత కూడా నిర్దేశించబడిందన్నమాట. ఏ మనిషీ తన చేతి కష్టార్జితం కంటే మేలైన ఆహారం తినలేడని, దావూద్ ప్రవక్త తన చేతి సంపాదనతోనే జీవించేవారని దైవప్రవక్త (సఅసం) తెలిపిన విషయం సహీహ్ బుఖారీలో ఉన్నది. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి అని సహీహ్ ముస్లిం చెబుతున్నది.

అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్సాన్‌ను, అంటే పనిని అత్యుత్తమంగా చేయడాన్ని, విధిగా చేశాడని తెలిపే హదీసు కూడా సహీహ్ ముస్లింలోనిదే. అందులో ఉదాహరణగా చెప్పబడినది జంతువును జబహ్ చేసేవాని విషయం: అతడు తన కత్తిని బాగా పదును పెట్టుకోవాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇహ్సాన్ అనే ఉన్నత భావన మనసులోని సంకల్పం దగ్గరే ఆగిపోలేదు; చేతిలోని పనిముట్టు అంచు దాకా వచ్చింది. మొద్దుబారిన ఉలితో, తుప్పుపట్టిన పానాతో, అరిగిపోయిన టేపుతో పనిచేసే యువకుడు ఎంత మంచివాడైనా ఇహ్సాన్ మార్గంలో ఇంకా అడుగు పెట్టవలసి ఉన్నది.

మన గొప్ప ధర్మవేత్తల పేర్లను చూసినా ఇదే తెలుస్తుంది. వక్ఫ్ చట్టం మీద ప్రామాణిక గ్రంథం రచించిన హనఫీ పండితుడు ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి జీవించారు. ఆయన పేరుకు అర్థమే అది. షాఫియీ పండితులలో అగ్రగణ్యుడైన కఫ్ఫాల్ మర్వజీ తాళాలు చేసే వృత్తిలో పేరు గడించిన తర్వాత, ముప్ఫయ్యేళ్ల ప్రాయంలో ధర్మవిద్యకు మళ్లారు. వృత్తి పేరును ఇంటిపేరుగా గర్వంగా ధరించిన సమాజం అది.

తప్పు చవకగా ఉండే చోట మొదలు

ఇక యువకుడు పనిలో ఎదగడానికి ఏది తోడ్పడుతుందో చూద్దాం. మొదటిది, పని నేర్పే క్రమం.

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశంలో వయి, గోలా తెగల దర్జీలున్నారు. వారి దుకాణాల్లో కుర్రాళ్లు పని ఎలా నేర్చుకుంటారో జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో దగ్గరుండి గమనించారు. అక్కడ ఎవరూ పలక మీద పాఠం చెప్పరు. అయినా నేర్పడంలో చక్కని వరుస ఉన్నది. దుస్తుల తయారీ కటింగుతో మొదలై, కుట్టుతో సాగి, గుండీలతో ముగుస్తుంది. నేర్పడం మాత్రం దీనికి తిరగబడిన వరుసలో సాగుతుంది. షాగిర్దు మొదట గుండీలు కుడతాడు, అంచులు మడుస్తాడు, ఇస్త్రీ చేస్తాడు. తర్వాత కుట్టు పని. గుడ్డ కత్తిరించడం అన్నిటికంటే చివర. ఈ శిక్షణ మొత్తం సగటున అయిదేళ్లు సాగుతుంది.

మన ఊళ్లలోని దర్జీ దుకాణాలు ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. కాజాలు, గుండీలతోనే కదా మన దగ్గరా పని మొదలు! ఈ వరుస వెనుక గొప్ప వివేకం ఉన్నది. గుండీ వంకరగా కుట్టితే దారం తెంపి మళ్లీ కుట్టవచ్చు. గుడ్డ తప్పుగా కత్తిరిస్తే గిరాకీ గుడ్డ పోయినట్లే. తప్పు చవకగా ఉండే చోట కుర్రవాడు నిర్భయంగా నేర్చుకుంటాడు. అంతేగాక, పూర్తయిన చొక్కాలు వందల కొద్దీ చేతుల మీదుగా పోవడంతో, మంచి చొక్కా ఎలా ఉండాలో కత్తెర పట్టక ముందే అతని కంటికి తెలిసిపోతుంది.

అయితే ఈ మెట్లలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. గుండీల మెట్టు మీదనే కుర్రవాణ్ణి నాలుగేళ్లు ఆపేసే దుకాణాలు ఉంటాయి. చవకగా పనిచేసే చేయి పోతుందన్న భయంతో పై మెట్టు చూపించరు. టీలు తేవడం, సామాను మోయడం, షట్టరు ఎత్తడం, ఊడ్వడం వంటి పనులతోనే ఏళ్లు గడిచిపోతాయి. క్రమం అంటే కింద మొదలుపెట్టడం మాత్రమే కాదు, వేళకు పైకి ఎక్కించడం కూడా. ఆరు నెలలకొకసారి కుర్రవాని చేతికి కొత్త పని ఏదైనా వచ్చిందా లేదా అని ఇంట్లో అడిగి తెలుసుకోవడం తండ్రి బాధ్యత అని మేము భావిస్తాము.

"ఎందుకు" అని చెప్పే ఉస్తాద్

రెండవది, ఉస్తాద్. తెలంగాణ సరిహద్దుకు ఆవల, బీదర్ పట్టణంలో శతాబ్దాలుగా సాగుతున్న బిద్రీ కళ ఇందుకు మంచి ఉదాహరణ. జింకులో కొద్దిగా రాగి కలిపి కరిగించి, అచ్చులో పోసి పాత్ర తయారు చేస్తారు. ఆకురాయితో నునుపు చేసి, దాని మీద సన్నని ఉలితో నగిషీ చెక్కి, ఆ గాడిలో వెండి తీగను పొదుగుతారు. చివరగా బీదర్ కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించి, ఆ ద్రవంతో పాత్రను రుద్దితే లోహం నిగనిగలాడే నలుపుకు తిరుగుతుంది. వెండి మాత్రం తెల్లగానే మెరుస్తుంది. ఏ మట్టి పనికివస్తుందో నాలుక మీద వేసుకుని రుచితోనే గుర్తుపట్టే పెద్దలు అక్కడ ఉన్నారు.

ఆ రుచిని ఏ పుస్తకమూ నేర్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఈ మట్టి ఎందుకు పనికివస్తుందో, ఆ మట్టి ఎందుకు రాదో రెండూ రుచి చూపించే మనిషి కావాలి. తన తండ్రి వద్ద ఈ విద్య నేర్చుకుని, జీవితమంతా దానికే అంకితమైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒక ఇంటి పనివాడకు దేశ రాజధానిలో లభించిన ఆ గౌరవం మన పిల్లలకు చెప్పదగిన విషయం.

తప్పు చేసినప్పుడు తల మీద ఒకటి వేసి "మళ్లీ చెయ్" అనే ఉస్తాద్ ఒకరు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూపించి, ఎందుకు జరిగిందో చెప్పి, "ఇప్పుడు చెయ్" అనే ఉస్తాద్ మరొకరు. మొదటివాని వద్ద కుర్రవాడు తప్పును దాచడం నేర్చుకుంటాడు. రెండవవాని వద్ద తప్పును పట్టుకోవడం నేర్చుకుంటాడు. దాచిన తప్పు బ్రేకులో ఉండవచ్చు, కరెంటు తీగలో ఉండవచ్చు. అది ఒక ప్రాణం మీదకే రావచ్చు. కాబట్టి ఉస్తాద్‌ను ఎంచుకోవడం మన ఇంటి పిల్లవాడి విషయమే కాదు, అతడు పనిచేసి పెట్టే ప్రతి ఇంటి విషయమూ అవుతుంది.

కొలత లేనిదే శ్రేష్ఠత లేదు

మూడవది, కొలత. "బాగానే ఉంది", "నడిచిపోతుంది" అనే మాటలు పనితనానికి పట్టిన చెద. 1950లో స్పెయిన్ దేశంలో చిన్నగా మొదలైన ఒక పోటీ నేడు వరల్డ్ స్కిల్స్ పేరుతో రెండేళ్లకొకసారి జరుగుతున్నది. వెల్డింగు, ప్లంబింగు, వడ్రంగం, తాపీపని, వంట, బేకరీ, ఆటోమొబైల్ వంటి పదుల కొద్దీ వృత్తులలో వివిధ దేశాల యువతీయువకులు అక్కడ తలపడతారు. చాలా విభాగాలలో వయసు 22 ఏళ్లకు మించరాదు. 2024లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జరిగిన పోటీలలో మన దేశ యువత 4 కాంస్య పతకాలు సాధించింది.

ఆ పోటీలో మమ్మల్ని ఆకట్టుకున్నది పతకాల కంటే మరొక సంగతి. మొదటి మూడు స్థానాలు రాకపోయినా 700 పాయింట్ల ప్రమాణాన్ని అందుకున్న ప్రతి ఒక్కరికీ శ్రేష్ఠతా పతకం ఇస్తారు. లియాన్‌లో అటువంటివి మన దేశానికి 12 లభించాయి. అంటే శ్రేష్ఠత పక్కవాడిని ఓడించడంలో లేదు, నిర్ణీత ప్రమాణాన్ని అందుకోవడంలో ఉన్నది. ఈ భావన ఇహ్సాన్‌కు ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులే గ్రహించగలరు. మన వీధిలోని వర్క్‌షాపులో కూడా ఇది సాధ్యమే. తలుపు చట్రం మూలలు గుణియతో సరిచూసుకోవడం, బోల్టును కంపెనీ చెప్పిన బిగువుకే బిగించడం, చేసిన ప్రతి పనిని ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం - వీటికి డబ్బు ఖర్చు కాదు. ఎనిమిది శతాబ్దాల కిందట దియార్ బకర్ ప్రాంతంలో అల్-జజరీ అనే యంత్రనిర్మాత తాను చేసిన నీటి గడియారాలు, నీళ్లు తోడే యంత్రాల కొలతలను, కూర్పును బొమ్మలతో సహా 1206లో గ్రంథస్థం చేశారు. మరొక పనివాడు దానిని చూసి మళ్లీ తయారు చేయగలిగేటంత వివరంగా రాశారు. మన షాగిర్దు చేతిలోని నోటుపుస్తకం ఆ వారసత్వానికి చెందినదే.

ఇంటి ఓర్పు

పై మూడూ సమకూరినా, ఇల్లు సహకరించకపోతే అన్నీ వృథా. మా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉన్నది. కుర్రవాడు రెండేళ్లు పని నేర్చుకునేసరికి సగం పని వస్తుంది. అప్పుడే మరొక దుకాణం వారు నెలకు రెండు మూడు వేలు ఎక్కువ ఇస్తామంటారు. ఇంట్లో అద్దె కట్టాలి, చెల్లెలి పెళ్లి చేయాలి. ఆ రెండు మూడు వేల కోసం అతడు మారిపోతాడు. కొత్త చోట వచ్చిన పనినే చేస్తూ పోతాడు గాని, రాని పని నేర్పేవారు ఉండరు. నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. ఇల్లు గడవని పేదరికంలో ఈ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. కాని గడిచే ఇళ్లలో కూడా ఇదే జరుగుతుండడం విచారకరం. ఇంజినీరింగు చదివే కుమారుని కోసం నాలుగేళ్లు ఫీజు కట్టి ఎదురుచూసే తల్లిదండ్రులు, పని నేర్చుకునే కుమారుని కోసం ఇంకొక్క ఏడాది ఎందుకు ఆగరాదు? జర్మనీలో వృత్తి నేర్చుకునే యువకుడు వారంలో కొన్ని రోజులు పనిస్థలంలో, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతూ రెండు నుండి మూడున్నర సంవత్సరాలు శిక్షణ పొందుతాడు. అక్కడి ఇళ్లు ఆ సమయాన్ని నష్టంగా లెక్కవేయవు.

స్తోమత లేని ఇళ్లకు ఆ ఒక్క ఏడాది ఆసరా ఇవ్వడం మసీదు కమిటీలు, బంధువర్గాలు, స్థితిమంతులు చేయదగిన పని. ఒక కుర్రవాని పనిముట్ల పెట్టె కొనిపెట్టడం, శిక్షణ కాలంలో ఇంటికి కొద్దిపాటి సహాయం అందించడం అనేవి అతణ్ణి జీవితాంతం ఇచ్చే చేతిగా నిలబెట్టగలవు.

ఓర్పుతోపాటు గౌరవం కూడా అవసరం. బంధువుల ముందు అన్నను "బీటెక్ చేస్తున్నాడు" అని పరిచయం చేసి, తమ్ముణ్ణి "ఏదో పనిచేసుకుంటున్నాడు" అని దాటవేస్తే ఆ తమ్ముని చేతిలోని పనిముట్టు బరువెక్కుతుంది. సాయంత్రం నూనె మరకలతో వచ్చిన పిల్లవాణ్ణి "ఈరోజు ఏం నేర్చుకున్నావు బేటా?" అని తల్లి అడిగే ఒక్క ప్రశ్న ఏ పతకానికీ తీసిపోదు.

చదువు, చట్టం, ధ్రువపత్రం

చేతిపనిని గౌరవించమన్నామంటే బడి మాన్పించమని అర్థం కాదు. 14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని, 18 ఏళ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని చట్టం చెబుతున్నది. చట్టం మాట అటుంచినా, నేడు పనికి చదువు కావాలి. భిన్నాలు రానివాడు టేపు చదవలేడు. బొమ్మ చదవలేనివాడు కుర్చీ చేయగలడేమో గాని, ఇచ్చిన డ్రాయింగు ప్రకారం చేయలేడు.

ఐటిఐలలో ట్రేడును బట్టి 8వ తరగతి లేదా 10వ తరగతి అర్హతతో, ఒకటి లేదా రెండేళ్ల శిక్షణ లభిస్తుంది. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం కర్మాగారాలలో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. ఉస్తాద్ వద్దనే నేర్చుకుని కాగితం లేనివారికి, ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు ఉన్నది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీ, వడ్రంగి, తాపీమేస్త్రీ, తాళాలు చేసేవారు సహా 18 వృత్తుల వారికి శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు అందిస్తున్నది.

గల్ఫ్ ప్రయాణం మీద ఆశలు పెట్టుకున్న ఇళ్లవారు మరొక విషయం గమనించాలి. సౌదీ అరేబియా ఇప్పుడు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ వంటి వృత్తులవారికి స్వదేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నది. "అక్కడికి వెళ్లాక నేర్చుకుంటాడులే" అనే కాలం దాటిపోతున్నది.

మన కుమార్తెలు

ఇంతవరకు చెప్పినదంతా కుమార్తెలకూ వర్తిస్తుంది. మన ఇళ్లలో ఎందరో ఆడపిల్లలు కుట్టుపని, మగ్గం వర్క్, జర్దోజీ నేర్చుకుంటారు. కాని వారి పనిని "తీరిక వేళ కాలక్షేపం"గానే చూస్తాము. నెలంతా కళ్లు కాయలు కాచేలా కుట్టిన జాకెట్టుకు దళారి ఇచ్చిన కూలీయే ధర అయిపోతుంది. ఆమెకు కూడా మంచి ఉస్తానీ కావాలి. పై మెట్టు కావాలి. డిజైను స్వయంగా గీసే శిక్షణ కావాలి. తన పనికి ధర లెక్కగట్టే తెలివి, ఆ డబ్బు తన పేరిట ఉన్న ఖాతాలో పడే ఏర్పాటు కావాలి. స్త్రీ సంపాదన ఆమె స్వంతమని ధర్మం పద్నాలుగు వందల ఏళ్ల కిందటే నిర్ణయించింది.

పనిలో చేర్పించే ముందు

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాణ్ణి పనిలో చేర్పించే ముందు ఆ దుకాణానికి ఒక పూట వెళ్లి కూర్చోండి. అక్కడ ముందు చేరిన కుర్రాళ్లు రెండేళ్లలో ఏ పని దాకా వచ్చారో చూడండి. తప్పు జరిగితే ఉస్తాద్ నోటి నుండి ఏ మాట వస్తుందో వినండి. పనిముట్లు ఎలా ఉన్నాయో, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉన్నాయో లేవో గమనించండి. నమాజు వేళకు విరామం ఉందో లేదో అడగండి. అన్నిటికంటే ముందు ఈ పని మీద ఇష్టం ఉన్నదా అని పిల్లవాణ్ణే అడగండి. పెళ్లి సంబంధం కోసం పది ఇళ్లు విచారించే మనం, కుమారుని జీవనోపాధి కోసం ఒక్క పూట వెచ్చించలేమా?

ఉస్తాద్‌లకు కూడా ఒక మాట. మీ చేతిలోని విద్య మీతోనే మట్టిలో కలిసిపోకుండా ఉండాలంటే దానిని దాచకుండా ఇచ్చి వెళ్లాలి. ప్రయోజనకరమైన విద్యను వదిలి వెళ్లినవారికి మరణానంతరం కూడా పుణ్యం చేరుతూనే ఉంటుందన్న శుభవార్త హదీసులో ఉన్నది. మీ షాగిర్దు మిమ్మల్ని మించిపోయిన రోజు అది మీకు నష్టం కాదు. మీ ఖాతాలో ఆగకుండా జమ అయ్యే ఆదాయం.